ఫ్రీ ట్రేడ్ ఒప్పందం వార్త వస్తే మన సరుకుకి దాని అర్థం తేల్చుకోవడం ఎలా

2022 మే 1న యూఏఈతో మన దేశం చేసుకున్న వాణిజ్య ఒప్పందం అమల్లోకి వచ్చింది. గుంటూరులో పచ్చళ్ల వ్యాపారం చేసే మా బావగారు ఆ ఎండాకాలం కొత్త ఆవకాయ పెట్టగానే దుబాయ్‌లో ఉన్న బయ్యర్‌కి సరుకు పంపారు, ఒప్పందం వచ్చింది కాబట్టి అక్కడ సుంకం పడదనే ధీమాతో ధర కూడా కాస్త తగ్గించి. సరుకు చేరాక బయ్యర్ ఫోన్ చేశాడు, 5 శాతం డ్యూటీ కట్టి విడిపించుకున్నానని, అది బిల్లులో కోసుకుంటానని. ఒప్పందం ఉంది కదా అని బావగారు అడిగితే ఆయన చెప్పిన జవాబు ఒక్కటే, ఒప్పందం ఉంది, మీ సరుకు ఆ ఒప్పందం కింద వచ్చిందని చెప్పే కాగితం లేదు. సరుకు ఏ దేశంలో పుట్టిందో చెప్పే ఆరిజిన్ సర్టిఫికెట్ అనేది ఒకటి తీసుకోవాలని కాగితాల పని చూసిన ఏజెంటు చెప్పలేదు, మాకూ తెలియదు.

ఆ దెబ్బ తర్వాత ఈ పని నేనే కూర్చుని నేర్చుకున్నాను, ఇప్పుడు తెలిసిన చిన్న వ్యాపారులు అడిగితే చూసి పెడుతుంటాను. అందరూ అడిగే ప్రశ్న ఒకటే, ఫలానా దేశంతో ఫ్రీ ట్రేడ్ అంట, మనకి మంచిదా చెడ్డదా అని. ఆ ప్రశ్నకి జవాబు లేదు. 'నా సరుకుకి ఏం మారింది' అని అడిగితే మాత్రం జవాబు ఉంటుంది, అదీ గంటలో దొరుకుతుంది. ఆ గంట పని ఎలా చేయాలో రాస్తున్నాను.

ముందు మాట అర్థం

ఫ్రీ ట్రేడ్ అంటే రెండు దేశాలు ఒకరి సరుకు ఒకరు ఏ అడ్డూ లేకుండా రానివ్వడం అని చదువుకున్నాం. పుస్తకంలో అంతే, కాగితం మీద మాత్రం అది వేల లైన్లున్న ఒక పట్టిక. ఒక్కో లైనులో ఒక్కో వస్తువు, దాని ఎదురుగా దాని సుంకం ఎంత, ఎన్నేళ్లలో ఎంతకి తగ్గుతుంది, అసలు తగ్గుతుందా లేదా అని ఉంటుంది.

పట్టికలు ఎందుకు వచ్చాయో తెలియాలంటే 1995 జనవరి 1న మొదలైన ప్రపంచ వాణిజ్య సంస్థ దగ్గరికి వెళ్లాలి. అక్కడి మొదటి నియమం మన భాషలో చెప్పాలంటే పంక్తిభేదం చేయకూడదు అని. ఒక దేశం మిరపకాయకి 10 శాతం సుంకం వేస్తే సభ్యదేశాలన్నిటి మిరపకాయకీ 10 శాతమే వేయాలి. దీనికి 'మోస్ట్ ఫేవర్డ్ నేషన్' అని పేరు పెట్టారు కాబట్టి ఏదో ప్రత్యేక అభిమానం అనుకుంటారు చాలామంది, నిజానికి అది అందరికీ వడ్డించే మామూలు రేటు. ఈ నియమానికి మినహాయింపు ఆ సంస్థ నియమాలకి మూలమైన గాట్ ఒప్పందం 24వ ఆర్టికల్‌లో ఉంది. రెండు దేశాలో కొన్ని దేశాలో కలిసి తమలో తాము సుంకాలు ఎత్తేసుకోవచ్చు, కాకపోతే తమ మధ్య జరిగే వ్యాపారంలో దాదాపు అంతటికీ అలా చేయాలి, ఒకటి రెండు సరుకులకి చేసి సరిపెట్టకూడదు. అంటే పంక్తిభేదానికి అనుమతి ఉంది, కానీ ఆ ఒక్కరికి మిఠాయి మాత్రమే అదనంగా వేస్తే కుదరదు, దాదాపు మొత్తం విస్తరి వేరుగా వేయాలి. ఫ్రీ ట్రేడ్ ఒప్పందం అంటే ఇదే. అందుకే దాన్ని చూసేటప్పుడు మన సుంకం తగ్గిందా అన్నదానికన్నా, మన పక్కన కూర్చున్నవాడికంటే మనకి ఎంత తక్కువ పడుతోంది అన్నది ముఖ్యం.

మన ప్రాంతానికి ఈ సంగతి కొత్తది కాదు. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో దిగింది అద్దకం గుడ్డ కోసమే. ఆ అద్దకం, కలంకారీ గుడ్డలు ఇంగ్లండ్‌లో ఎంతగా అమ్ముడుపోయాయంటే అక్కడి నేతపనివాళ్లు గోల పెట్టి 1700లో ఒక చట్టం, 1721లో ఇంకా గట్టి చట్టం తెప్పించారు, అద్దకం నూలుగుడ్డ వాడకాన్నే దాదాపు నిషేధిస్తూ. తర్వాత మిల్లులు వచ్చి లాంకషైర్ గుడ్డ చవకైపోయాక వాళ్లే ఫ్రీ ట్రేడ్ పాట అందుకున్నారు, 1882లో మన దేశంలో వాళ్ల గుడ్డ మీద దిగుమతి సుంకం తీసేయించారు. 1894లో ఖజానా కోసం మళ్లీ సుంకం వేయాల్సి వచ్చింది, 1896లో దాన్ని మూడున్నర శాతం చేసి, మన మిల్లు గుడ్డ మీద కూడా సరిగ్గా మూడున్నర శాతం ఎక్సైజ్ వేశారు, వాళ్లకి పోటీలో తేడా రాకూడదని. ఈ చరిత్ర తెలిసినవాళ్లకి ఫ్రీ ట్రేడ్ అనే మాట వినగానే అనుమానం రావడం సహజమే, నాకూ వస్తుంది. అనుమానం తీర్చుకోవాలంటే పట్టిక తెరవాల్సిందే.

మొదటి పని: సరుకు కోడ్ పట్టుకోవడం

ప్రతి వస్తువుకి హెచ్‌ఎస్ కోడ్ అని ఒక నంబరు ఉంటుంది. మొదటి ఆరు అంకెలు ప్రపంచమంతా ఒకటే, మన దేశంలో ఇంకో రెండు చేర్చి ఎనిమిది చేస్తారు. ఎండు మిరపకాయ 0904 21, అదే కారం పొడి అయితే 0904 22. పసుపు 0910 30. గడ్డకట్టించిన రొయ్యలు ఎక్కువ భాగం 0306 17. ముడి పామాయిల్ 1511 10. మీ ఇన్‌వాయిస్‌లో ఇప్పటికే ఒక కోడ్ ఉండి ఉంటుంది, అది సరైనదో కాదో మాత్రం ఎవరో చెప్పారని నమ్మకండి, టారిఫ్ పుస్తకంలో ఆ హెడ్డింగ్ మాటలు మీరే చదవండి.

చదవకపోతే ఏమవుతుందో ఆవకాయతోనే చెబుతాను. పచ్చళ్లు 2001 కింద వేయడం మన దగ్గర అలవాటు. ఆ హెడ్డింగ్ చదివితే 'వెనిగర్‌తో గానీ ఎసిటిక్ ఆసిడ్‌తో గానీ నిల్వ చేసినవి' అని ఉంటుంది. మన ఆవకాయలో వెనిగర్ ఎక్కడుంది? ఉప్పు, కారం, ఆవపిండి, నువ్వుల నూనె, మామిడి ముక్క, అంతే. కాబట్టి అవతలి కస్టమ్స్ ఆఫీసర్ ఇది 2001 కాదు, ఇతర రకాలుగా నిల్వ చేసిన పండ్లు కాయల హెడ్డింగ్ 2008 అనడానికి అవకాశం ఉంది. మీరు సర్టిఫికెట్ ఒక కోడ్ మీద తీసుకుని, అక్కడ బిల్లు ఇంకో కోడ్ మీద పడితే రాయితీ ఆగిపోతుంది. అందుకని సరుకు పంపేముందే బయ్యర్ తరఫున అక్కడ క్లియరెన్స్ చేసే ఏజెంటు ఏ ఆరంకెల కోడ్ వేస్తాడో రాతపూర్వకంగా తెప్పించుకోండి. వాట్సాప్ మెసేజ్ అయినా ఫర్వాలేదు, ఫోన్లో విన్నది మాత్రం లెక్కలోకి రాదు.

రెండో పని: రెండు రేట్లు పక్కపక్కన రాసుకోవడం

కోడ్ దొరికాక ఒక కాగితం మీద మూడు అంకెలు రాయండి. ఆ దేశం అందరికీ వేసే మామూలు రేటు, ఒప్పందం కింద మనకి ఈ ఏడాది వేసే రేటు, ఈ రెండిటికీ తేడా. ఆ తేడానే ఒప్పందం మీకిచ్చిన లాభం, అంతకుమించి ఒక్క రూపాయి కూడా లేదు. యూఏఈలో చాలా వస్తువులకి మామూలు రేటు 5 శాతమే, ఒప్పందంతో సున్నా. అంటే అక్కడికి చేరేసరికి 10 లక్షల విలువైన సరుకు మీద తేడా 50 వేలు. పెద్ద మొత్తమే, కానీ ధర 10 శాతం తగ్గించేసేంత కాదు, మా బావగారు ఆ లెక్క వేయకుండానే ధర తగ్గించారు. మామూలు రేటు ఎలాగూ సున్నా ఉన్న వస్తువైతే ఒప్పందం వచ్చినా రాకపోయినా మీకు సుంకంలో తేడా లేదు, ఇది చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఈ రేట్లు చూడటానికి కేంద్ర వాణిజ్య శాఖ వెబ్‌సైట్‌లో ఒప్పందాల పూర్తి పాఠాలు అనుబంధాలతో సహా ఉంటాయి, ఎగుమతిదారుల సమాఖ్య నడిపే ఇండియన్ ట్రేడ్ పోర్టల్‌లో కోడ్, దేశం కొడితే రేట్లు వస్తాయి.

ఇక్కడ తేదీల విషయంలో జాగ్రత్త పడాలి. సంతకం రోజు ఫొటోలు చూసి రేటు తగ్గిందనుకుంటాం. యూఏఈ ఒప్పందం మీద 2022 ఫిబ్రవరి 18న సంతకాలైతే మే 1న అమలు, అది చాలా వేగం. ఆస్ట్రేలియాతో 2022 ఏప్రిల్ 2న సంతకం, డిసెంబర్ 29న అమలు. స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టైన్ కలిసి ఉన్న ఎఫ్టా కూటమితో 2024 మార్చి 10న సంతకమైతే 2025 అక్టోబర్ 1 దాకా అమలు కాలేదు. అమలైన రోజే అన్నీ సున్నా అయిపోవు కూడా. ఆస్ట్రేలియా మన వస్తువుల్లో కొన్నిటికి మెట్లుమెట్లుగా తగ్గించుకుంటూ 2026 జనవరి 1 నాటికి అన్ని లైన్లూ సున్నా చేసింది. బ్రిటన్‌తో 2025 జూలై 24న సంతకమైన ఒప్పందంలో మనవైపు నుంచి విస్కీ సుంకం చూడండి, 150 శాతం నుంచి మొదట 75కి, పదో ఏడాదికి 40కి. అక్కడ కూడా సున్నా అన్న మాట లేదు. పాల ఉత్పత్తులు, ఆపిల్, వంటనూనెల్ని అందులో మన దేశం బయటే పెట్టింది. ప్రతి ఒప్పందంలో ఇలాంటి మినహాయింపు జాబితా ఒకటి ఉంటుంది, నేను ముందు అదే తెరుస్తాను, రెండు దేశాలూ ఎక్కడ భయపడ్డాయో అందులో కనిపిస్తుంది.

పాల సంగతి వచ్చింది కాబట్టి, 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో మన దేశం ఆసియా పసిఫిక్ దేశాల వాణిజ్య కూటమి ఆర్‌సెప్‌లో చేరనని బయటికి రావడానికి ఉన్న కారణాల్లో న్యూజిలాండ్ పాలపొడి భయం ఒకటి. రెండు గేదెలు పెట్టుకుని కేంద్రానికి పాలు పోసే ఇంటికి లీటరు మీద రెండు రూపాయలు తగ్గినా ఎంత తేడానో తెలిసినవాళ్లెవరూ ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోరు, నేనైతే ఆ నిర్ణయం సరైనదనే అనుకుంటాను.

మూడో పని: సరుకు ఎక్కడ పుట్టిందో రుజువు చేయడం

అసలు కీలకం ఇక్కడే ఉంది, చాలామంది తడబడేదీ ఇక్కడే. శ్రీలంకతో మన దేశం ఒప్పందం 1998 డిసెంబర్‌లో చేసుకుంది, 2000 మార్చి 1 నుంచి అమలు. ఆ రోజుల్లో మన దగ్గర పామాయిల్ మీద సుంకం చాలా ఎక్కువ, శ్రీలంకలో తక్కువ. దాంతో కొందరు మలేసియా పామాయిల్‌ని శ్రీలంకకి తెప్పించి, అక్కడ ఫ్యాక్టరీ పెట్టి, వనస్పతిగా మార్చి, అది శ్రీలంక సరుకని సుంకం లేకుండా మన దేశానికి పంపడం మొదలుపెట్టారు. చెట్టు మలేసియాది, అమ్మకం మన దేశంలో, మధ్యలో కొలంబో. మన వనస్పతి మిల్లుల గోల తర్వాత ఏడాదికి రెండున్నర లక్షల టన్నులని కోటా పెట్టాల్సి వచ్చింది. మిరియాల విషయంలోనూ ఇలాంటి ఫిర్యాదే, వియత్నాం మిరియాలు శ్రీలంక మీదుగా వస్తున్నాయని. 2017 డిసెంబర్‌లో కేంద్రం కిలోకి 500 రూపాయల కనీస దిగుమతి ధర పెట్టింది. ఇది కేరళ, కర్ణాటక గొడవ మాత్రమే కాదు, పాడేరు, అరకు వైపు కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు పాకించుకున్న గిరిజన రైతులకీ ఆ ధరే ఆధారం.

ఇలాంటివి ఆపడానికే ప్రతి ఒప్పందంలో ఆరిజిన్ నిబంధనలు ఉంటాయి. సరుకు పూర్తిగా మన నేల మీద పుట్టి మన నేల మీదే తయారైతే సులువు, గుంటూరు ఎండుమిర్చి, నిజామాబాద్ పసుపు అలాంటివి. సర్టిఫికెట్‌లో చాలా ఒప్పందాల్లో దానికి డబ్ల్యూఓ అని గుర్తు వేస్తారు. బయటి దేశం ముడిసరుకు ఏమాత్రం కలిసినా ఇంకో దారిలో రుజువు చేయాలి. ముడిసరుకు కోడ్‌కి, తయారైన సరుకు కోడ్‌కి తేడా ఉండాలని కొన్ని వస్తువులకి, ఇంత శాతం విలువ ఇక్కడే జోడించాలని కొన్నిటికి, రెండూ ఉండాలని కొన్నిటికి నియమం ఉంటుంది. శ్రీలంక ఒప్పందంలో ఆ శాతం 35, యూఏఈ ఒప్పందంలో 40 వరకు అడుగుతుంది.

నేను మొదటిసారి దొరికిపోయింది ఇంగువ దగ్గర. బావగారు పంపే జాడీల్లో సగం ఇంగువ ఆవకాయ. పోపులో వేసే ఇంగువ చిటికెడే, కానీ ఇంగువ పాలు గడ్డ మన దేశంలో దొరికేది కాదు, ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్ల నుంచి దిగుమతి అవుతుంది, మన దగ్గర పిండితో కలిపి పొడి చేస్తారు. అంటే మామూలు ఆవకాయ డబ్ల్యూఓ కావచ్చు గానీ ఇంగువ ఆవకాయ కాదు. రెండిటికీ ఒకే గుర్తు వేసి అప్లికేషన్ నింపాను, పక్కనే కూర్చుని చూస్తున్న మా అక్క, ఇంగువ మనది కాదు కదరా అంది. ఆ ఒక్క మాటతో అప్లికేషన్ మొత్తం మార్చాను. విలువ లెక్కలో ఇంగువ వాటా చాలా తక్కువ కాబట్టి శాతం నియమం సులువుగానే దాటింది, కానీ ఆ లెక్క కాగితం మీద చూపించాలి. ముడిసరుకుల పట్టిక, ఒక్కోటి ఎక్కడ కొన్నాం, బిల్లు నంబరు, ధర, ఇవన్నీ ఫైల్లో ఉండాలి. మామిడికాయలు తోటలో కొంటే బిల్లు ఉండదు, అప్పుడు రైతు పేరు, ఊరు, తూకం, తేదీ రాసిన చీటీ మీద సంతకం తీసుకోవడం మేం అలవాటు చేసుకున్నాం.

నాలుగో పని: సర్టిఫికెట్ తీసుకోవడం

ఎగుమతి, దిగుమతి చేసేవాళ్లకి ఉండాల్సిన ఐఈసీ నంబరు లేకపోతే ముందు అది తీసుకోవాలి, విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం డీజీఎఫ్‌టీ పోర్టల్‌లో 500 రూపాయల ఫీజుతో వస్తుంది, ఏటా ఏప్రిల్ నుంచి జూన్ లోపు ఒకసారి వివరాలు అప్‌డేట్ చేయకపోతే అది పనిచేయకుండా పోతుంది, ఈ ఒక్క మరుపుతో కంటైనర్లు ఆగిన సందర్భాలు చూశాను. ఆరిజిన్ సర్టిఫికెట్ కూడా డీజీఎఫ్‌టీ ఆన్‌లైన్ వ్యవస్థలోనే, ఆధార్ ఈ-సైన్‌తో అప్లై చేయొచ్చు. రెండు రకాలుంటాయి, ప్రిఫరెన్షియల్, నాన్ ప్రిఫరెన్షియల్. రెండోది సరుకు భారత్‌దని చెబుతుంది, అంతే, దానితో సుంకం తగ్గదు. అది తీసుకుని రాయితీ రాలేదని బాధపడేవాళ్లు ఇప్పటికీ కనబడుతున్నారు. మీకు కావాల్సింది ప్రిఫరెన్షియల్, అది కూడా ఆ ఒప్పందం పేరు ఎంచుకుని.

ఫారం నింపేటప్పుడు ఇన్‌వాయిస్ నంబరు, తేదీ, బరువు, ప్యాకెట్ల సంఖ్య, ఆరంకెల కోడ్ ఇవన్నీ ఇన్‌వాయిస్‌తో, ప్యాకింగ్ లిస్టుతో, షిప్పింగ్ బిల్లుతో అక్షరం పొల్లు పోకుండా సరిపోవాలి. ఒకచోట 'మామిడికాయ పచ్చడి', ఇంకోచోట 'మిక్స్‌డ్ పికిల్స్' అని ఉంటే ప్రశ్న వస్తుంది. ఓడ కదిలేలోపు సర్టిఫికెట్ చేతిలో ఉండేలా చూసుకోండి. తర్వాత కూడా ఇచ్చే ఏర్పాటు చాలా ఒప్పందాల్లో ఉంది, కానీ అప్పటికి బయ్యర్ సుంకం కట్టేసి ఉంటాడు, రిఫండ్ కోసం తిరగడానికి ఏ బయ్యరూ ఇష్టపడడు. దారి కూడా చూసుకోవాలి, విశాఖ నుంచో చెన్నై నుంచో బయల్దేరిన సరుకు మధ్యలో కొలంబోలో ఓడ మారడం మామూలే, అలా మారినప్పుడు అక్కడ సరుకు విప్పలేదని, కలపలేదని తెలియడానికి మొదటి రేవు నుంచి చివరి రేవు దాకా ఒకే బిల్ ఆఫ్ లేడింగ్, అంటే ఓడ కంపెనీ ఇచ్చే రవాణా పత్రం, ఉంటే గొడవ ఉండదు.

దిగుమతి చేసుకునేవాళ్లకి ఇటువైపు నిబంధన ఇంకా గట్టిది. 2020 సెప్టెంబర్ 21 నుంచి కారోటార్ అనే కస్టమ్స్ నియమాలు వచ్చాయి, అవతలివాడు సర్టిఫికెట్ ఇచ్చాడు అంటే సరిపోదు, ఆ సరుకు అక్కడ ఎలా తయారైందో మీకూ తెలిసి ఉండాలి, ఆ కాగితాలు ఐదేళ్లు దాచాలి.

సుంకం సున్నా అయినా తలుపు తెరుచుకోని చోట

రొయ్య రైతులకి ఇది చెప్పక్కర్లేదు. 2016 చివర్లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ చెరువుల్లో తెల్లమచ్చ వైరస్ బయటపడింది, 2017 జనవరిలో వాళ్లు పచ్చి రొయ్యల దిగుమతి ఆపేశారు. తర్వాత తెరిచారు గానీ కఠినమైన షరతుల మీద. మనతో ఒప్పందం 2022లో అమలైనా తొక్క తీయని మన రొయ్యకి మాత్రం దారి తెరుచుకోలేదు, షరతులతో అనుమతి వచ్చింది 2025 అక్టోబర్‌లో. అడ్డం సుంకం కాదు, వైరస్. యూరప్ వైపు చూస్తే 2016లో మన ఆక్వా సరుకు వచ్చే కన్‌సైన్‌మెంట్లలో సగం ఆపి యాంటీబయాటిక్స్ ఉన్నాయేమో పరీక్షించడం మొదలుపెట్టారు, అంతకుముందు పదింటికి ఒకటి. కారం పొడికి బూజు వల్ల వచ్చే విషం అఫ్లటాక్సిన్ పరీక్ష ఉంది. కాబట్టి కాగితం మీద రాసుకున్న మూడు అంకెల కింద నాలుగో గీత గీసి, ఆ దేశం అడిగే పరీక్షలు ఏమిటో రాయండి. కల్లం మీద మిర్చి సరిగ్గా ఎండకపోతే వచ్చే బూజుని ఏ ఒప్పందమూ మాఫీ చేయదు.

మనం లేని ఒప్పందాలు కూడా మనకి తగులుతాయి. రొయ్యల్లో మన పెద్ద పోటీదారు ఈక్వడార్‌కి యూరప్‌తో 2017 నుంచి, చైనాతో 2024 మే 1 నుంచి ఒప్పందాలున్నాయి. వియత్నాంకి యూరప్‌తో 2020 ఆగస్టు నుంచి ఉంది. భీమవరంలో రేటు పడిందంటే కారణం కొన్నిసార్లు ఆ పట్టికల్లో దొరుకుతుంది. అమెరికాతో మనకి అలాంటి ఒప్పందమేమీ లేకుండానే 2025 ఆగస్టు వచ్చింది, 7న మన సరుకు మీద 25 శాతం సుంకం, 27న ఇంకో 25, పైగా రొయ్యల మీద ముందునుంచీ ఉన్న యాంటీ డంపింగ్ (మరీ చవకగా అమ్ముతున్నారని వేసేది), కౌంటర్‌వెయిలింగ్ (ప్రభుత్వ సబ్సిడీ ఉందని వేసేది) సుంకాలు. ఒప్పందం ఉన్న కెనడా, మెక్సికోలని కూడా ఆ ఏడాది అమెరికా వదల్లేదనేది నిజమే. అయినా అమ్మకమంతా ఒకే దేశానికి కట్టేసుకోకూడదని ఆ ఆగస్టులో చెరువు గట్ల మీద అందరూ అనుకున్నారు.

దిగుమతి వైపు కోపం ఎవరి మీదో తేల్చుకోవడం

పామాయిల్ గెలలు కోసే ఏలూరు, అశ్వారావుపేట రైతులకి ఈ భాగం. గెల ధర ముడి పామాయిల్ ధరతో ముడిపడి ఉంటుంది, మన దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయట నుంచే వస్తుంది, అందులో పామాయిల్ ఎక్కువగా ఇండోనేసియా, మలేసియాలది. ఆ రెండూ ఆగ్నేయాసియా కూటమి అయిన ఆసియాన్ దేశాలు, వాటితో మన ఒప్పందం 2010 జనవరి 1 నుంచి ఉంది. ధర పడగానే 'ఆసియాన్ ఒప్పందం ముంచింది' అంటారు. లెక్క చూద్దాం. ఆ ఒప్పందం ప్రకారం ముడి పామాయిల్ మీద మన సుంకం 2020 నాటికి 37.5 శాతానికి తగ్గాలి, అంతకన్నా తగ్గించాల్సిన పని లేదు. కానీ 2024లో మనం వేస్తున్నది ఎంత? అసలు సుంకం సున్నా, వ్యవసాయ సెస్ 5, దాని మీద పదో వంతు సర్‌చార్జి, మొత్తం 5.5. 2024 సెప్టెంబర్‌లో అసలు సుంకం 20 చేశారు, మొత్తం 27.5 అయింది. 2025 మే 30న 20ని 10 చేశారు, మొత్తం 16.5. ఈ పెంచడం తగ్గించడం అంతా ఒప్పందం గీసిన గీతకి లోపలే జరిగింది, అంటే నిర్ణయం ఢిల్లీది, ఒక్క నోటిఫికేషన్‌తో అటూ ఇటూ మారుతుంది. పట్నంలో నూనె ప్యాకెట్ ధర పెరిగినప్పుడు తగ్గిస్తారు, రైతు గోల పెట్టినప్పుడు పెంచుతారు. ఎవరికి అర్జీ పెట్టాలో తెలియాలంటే ఈ తేడా తెలిసి ఉండాలి. గెల ధర గురించి వినతిపత్రం రాసేవాళ్లు ఒప్పందం రద్దు చేయమని రాసే బదులు, అసలు సుంకాన్ని ఫలానా శాతానికి తేవాలని అంకెతో రాస్తే చదివేవాళ్లకి తప్పించుకునే వీలు తక్కువ.

సరుకే కాదు, మనుషులకి సంబంధించిన భాగాలు కూడా ఒప్పందాల్లో ఉంటాయి, వాటిని ఎవరూ చదవరు. బ్రిటన్ ఒప్పందంతో పాటు ఒప్పుకున్న ఏర్పాటు ప్రకారం ఇక్కడి కంపెనీ తాత్కాలికంగా అక్కడికి పంపిన ఉద్యోగి నిర్ణీత కాలం దాకా రెండు దేశాల్లోనూ సామాజిక భద్రత వాటా కట్టక్కర్లేదు, ఒకచోట కడితే చాలు. హైదరాబాద్ నుంచి ప్రాజెక్టు మీద లండన్ వెళ్లే పిల్లలు హెచ్‌ఆర్‌ని అడగాల్సిన ప్రశ్న ఇది.

బయ్యర్‌కి పంపే మెసేజ్

సరుకు కట్టే ముందు మేం ఇప్పుడు ప్రతిసారీ ఒకే మెసేజ్ పెడతాం, కావాలంటే మీరూ వాడుకోండి. 'సార్, ఈ సరుకుకి మీ ఏజెంటు వేసే ఆరంకెల కోడ్ ఏది? ఆ కోడ్‌కి ఈ రోజు మామూలు సుంకం ఎంత, భారత్ ఒప్పందం కింద ఎంత? సర్టిఫికెట్ మీ చేతికి ఏ తేదీలోపు అందాలి? ల్యాబ్ రిపోర్టులు ఏమేం కావాలి? సుంకం మిగిలితే అందులో మన ఇద్దరి వాటా ఎంతెంత?' చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడతారు, అడగండి. సుంకం కట్టేది బయ్యర్ కాబట్టి మిగిలేది కూడా ఆయన జేబులోనే, ధర మాట్లాడుకునే రోజే అడగకపోతే అది అక్కడే ఉండిపోతుంది. దుబాయ్ బయ్యర్ మొన్న ఎండాకాలం ఆ ప్రశ్నకి సగం సగం అని జవాబిచ్చాడు, 5 శాతంలో రెండున్నర మాకు. ఆ డబ్బుతో బావగారు జాడీలకి కొత్త సీలింగ్ మిషన్ కొన్నారు, దారిలో నూనె కారడం తగ్గింది.